ముంజేతి మీద వేలిముద్ర

గ్రహణం పట్టి ఉన్నంతసేపూ కడుపుతో ఉన్న స్త్రీ తన ఒంటిమీద ఎక్కడ చెయ్యి వేస్తే, పుట్టే బిడ్డకు సరిగ్గా అక్కడే మచ్చ పడుతుందని చింతాద్రిపేటలో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ వేళ కత్తి పట్టుకుంటే బిడ్డ పెదవి చీలుతుందన్నదీ అంతే గట్టిగా తెలుసు. ఈ విషయంలో తరతరాల నుంచి ఉన్న పాత కుటుంబాలకూ నిన్నగాక మొన్న వచ్చి చేరినవాళ్ళకూ, గుడికి పోయేవాళ్ళకూ చర్చికి పోయేవాళ్ళకూ భేదాభిప్రాయం లేదు. ఇంతమంది ఒప్పుకున్న సంగతిని పరీక్షించాలని ఎవరికీ తోచలేదు. మచ్చ తన కూతురి చెంపమీద పడకపోయి ఉంటే కనకవల్లికీ తోచేది కాదు.

కూతురు ఆండాళు 1954 సెప్టెంబరులో పుట్టింది. పుట్టినప్పుడు ఒంటిమీద పెసరగింజంత మచ్చ కూడా లేదు. మూడో వారంలో కుడి చెంపమీద దోమ కుట్టినట్టు ఒక ఎర్ర చుక్క కనిపించింది. రెండో నెలకు అది రేగిపండంత అయింది. ఆరో నెలకు, పండిన టమోటా ముక్క ఎవరో చెంపకు అతికించినట్టు ఉబ్బెత్తుగా తయారైంది. వేలితో నొక్కితే మెత్తగా అణిగి మళ్ళీ పొంగేది. పిల్ల ఏడిస్తే మరింత ఎర్రబడేది.

అత్తగారు గోవిందమ్మ తీర్పు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ఏడు ఆషాఢ పున్నమినాటి తెల్లవారుజామున చంద్రగ్రహణం పట్టింది. కనకవల్లికి అప్పటికి ఏడో నెల నిండింది. తలుపులు బిగించిన గదిలో కోడల్ని చాపమీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలూ చెయ్యీ కదల్చవద్దని చెప్పి, గోవిందమ్మ స్వయంగా పక్కన కూర్చుని కాపలా కాసింది. తన కోడలు నియమం ఎంత నిష్ఠగా పాటించిందో పురిటిదాకా ఇరుగుపొరుగుకు చెప్పి గొప్పలు కూడా పోయింది. మచ్చ కనిపించాక మాత్రం ఆవిడకు ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. కోడలు నిద్రలో ఒక్కసారి చెయ్యి చెంపకింద పెట్టుకుందట.

“ఏ చెంప అత్తా?” అని అడిగింది కనకవల్లి.

“మచ్చ యాడుండాదో ఆ చెంపే,” అంది గోవిందమ్మ.

కనకవల్లి ఆ జవాబును మరిచిపోలేదు. మరిచిపోయే స్వభావం ఉంటే ఆమె చేసే ఉద్యోగానికి పనికొచ్చేది కాదు. వైద్య కళాశాలలో, పిండం ఎలా ఏర్పడుతుందో విద్యార్థులకు నేర్పే విభాగంలో ఆమె స్లైడులు తయారుచేసేది. వెచ్చటి పెట్టెలో కోడిగుడ్లు పెట్టి, గంటలు లెక్కవేసి, ఒక్కొక్కటే తీసి, గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పగలగొట్టి, పచ్చసొనమీద బొట్టంత ఉన్న పిండాన్ని సన్నకత్తెరతో చుట్టూ కత్తిరించి, రంగు పట్టించి గాజుపలకమీద నిలపడం ఆమె పని. వీధిలో ఆమెను ‘గుడ్ల కనకం’ అనేవారు. గుడ్లు ముట్టిన చేత్తో వంటింట్లోకి రాకూడదని, పెరట్లో తలారా నీళ్ళు పోసుకునే రావాలని గోవిందమ్మ నియమం. కనకవల్లి రోజూ పోసుకునేది. ఆ నియమంతో ఆమెకు తగాదా లేదు. దానివల్ల ఎవరికీ నొప్పి లేదు.

నెత్తురు గుండెలో పుడుతుందని ఆ ఉద్యోగంలో చేరేదాకా ఆమె కూడా అనుకునేది. గుడ్డు అలా చెప్పలేదు. గుండె కొట్టుకోవడం మొదలుపెట్టకముందే, పిండానికి ఎడంగా, పచ్చసొన అంచున, చిన్న చిన్న దీవుల్లా కణాల ముద్దలు లేచేవి. ఒక్కో ముద్దలో లోపలి కణాలు నెత్తురయ్యేవి. బయటి కణాలు పలచగా సాగి, కోటు లోపల కుట్టే అస్తరులా వాటి చుట్టూ పరుచుకునేవి. ఆ తర్వాత దీవికి దీవి చెయ్యి చాచి, కలిసి, గొట్టాలయ్యేవి. గుండె కదలడం, నెత్తురు పారడం ఆ తర్వాతి మాట. రక్తనాళమంటే ఎవరో వచ్చి పరిచిపోయిన గొట్టం కాదనీ, ఎప్పుడు పెరగాలో ఎప్పుడు ఆగాలో తెలిసిన కణాలు తమకు తాము కట్టుకున్న గోడ అనీ ఆమె కొన్ని వందల గుడ్లలో కళ్ళారా చూసింది.

అందువల్ల చెంపమీది మచ్చ సంగతి విభాగంలో పాఠాలు చెప్పే డాక్టర్ కామేశంతో అన్నప్పుడు, ఆయన చెప్పింది ఆమెకు కొత్త భాషలా వినిపించలేదు. ఆయన రెండు స్లైడులు చూపించాడు. మొదటిది ఆరునెలల బిడ్డనుంచి తీసిన ఇలాంటి మచ్చే. అస్తరు కణాలు సందులేకుండా కిక్కిరిసి ఉన్నాయి. మధ్యలో నెత్తురు పోవడానికి సన్నటి చీలికలే మిగిలాయి. రెండోది ఆరేళ్ళ పిల్లనుంచి తీసింది. కణాల గుంపు లేదు; కొవ్వు, నార, అక్కడక్కడ ఒక చిన్న నాళం.

“ఆగాల్సిన చోట ఆగని అస్తరు కణాలమ్మా ఇవి. ఏడాదిదాకా పెరుగుతాయి. తరవాత చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయి. అందరిలోనూ అని నేననను.”

“ఎందుకు ఆగుతాయి సార్?”

“తెలీదు. తెలుసని చెప్పేవాడు ఎవడైనా దొరికితే నా దగ్గరికి తీసుకురండి.”

మచ్చ పుండు పడినా, కంటిదాకా పాకినా వెంటనే రమ్మన్నాడు. తన మాట నమ్మనక్కర్లేదని, కొలుచుకోమని కూడా అన్నాడు. ఆనాటినుంచి కనకవల్లి ప్రతి అమావాస్యనాడూ కొలిచింది. ఆ రోజు గోవిందమ్మ మనవరాలికి తలంటి, కర్పూరంతో దిష్టి తీసేది. పిల్ల ఆ తర్వాత హాయిగా నిద్రపోయేది. ఆ నిద్రలో కనకవల్లి చెంపమీద నూనెకాగితం పరిచి, మచ్చ అంచువెంట పెన్సిలు నడిపి, ఆ బొమ్మను గళ్ళ కాగితం మీద పెట్టి గళ్ళు లెక్కవేసేది. ఒకే దినాన అత్త దిష్టి తీసేది, కోడలు కొలత తీసేది.

ఇంతలో రాయపురం పెరుమాళ్ పేరు ఇంట్లో వినిపించసాగింది. పెరుమాళ్ పసుపుకొమ్మును నిప్పులమీద ఎర్రగా కాల్చి మచ్చలమీద వాత పెడతాడు. అతని హస్తవాసికి సాక్ష్యం పక్కింటి మునెమ్మ. వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ నీళ్ళుపోసే మనిషి. ఆమె కొడుకు చిన్నప్పకు నుదుటిమీద ఇలాంటి మచ్చే ఉండేదట, పెరుమాళ్ పోగొట్టాడట. కనకవల్లి ఆమెను రెండే ప్రశ్నలు అడిగింది. వాత పెట్టింది ఎప్పుడు? ఏడాది బిడ్డప్పుడు. మచ్చ పోయింది ఎప్పుడు? బడిలో వేసినాక, ఆరోయేట. హార్బరులో పనిచేసే చిన్నప్పకు ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. నుదుటిమీద ఎర్రమచ్చ లేదు. వాత మాత్రం తెల్లగా, తోలు ముడిచినట్టు, అణాబిళ్ళంత ఉంది.

“పోయింది మచ్చ అక్కా. ఉండేది పెరుమాళ్ పెట్టింది,” అంది కనకవల్లి. మునెమ్మ నొచ్చుకుని రెండువారాలు మాట్లాడలేదు.

భర్త భక్తవత్సలం ఎటూ తేల్చుకోలేని మనిషి. ట్రాములు ఆగిపోయాక బస్సు కండక్టరుగా కుదిరాడు. అతని బస్సెక్కే ఒక డాక్టరు ఇలాంటి మచ్చలకు రేడియం పెడతారని చెప్పాడు. ఒకరోజు రేడియం అన్నాడు, మరురోజు తల్లి మాట విందామన్నాడు. వాతయినా రేడియమయినా, తనంతట తాను పోయేదానికి బిడ్డను కాల్చడమే అవుతుందని కనకవల్లి తేల్చి చెప్పింది.

1955 జూన్ ఇరవయ్యో తారీఖు సోమవారం అమావాస్య. ఆ పొద్దున సూర్యగ్రహణమని పంచాంగం, పేపరు రెండూ చెప్పాయి. పెరుమాళ్ ముహూర్తం పెట్టాడు: గ్రహణం ఇచ్చిన మచ్చను గ్రహణానికే అప్పజెప్పాలి, విడుపుస్నానం కాగానే వాత. గోవిందమ్మ కుంపటికి బొగ్గులు తెప్పించింది. అప్పటికి ఆండాళుకు తొమ్మిది నెలలు; మచ్చ నలభైమూడు గళ్ళు. కనకవల్లికి మళ్ళీ నాలుగో నెల.

గ్రహణానికి మూడు రోజుల ముందు, భర్త అన్నం తింటుండగా, మునెమ్మ వింటుండగా, కనకవల్లి అత్తగారి ఎదుట కూర్చుంది.

“అత్తా, మచ్చ వచ్చినాక చెయ్యి యాడ పెట్టిందీ చెప్పడం ఎవరైనా చేస్తారు. రాకముందే నేను చెప్తా. గ్రహణం పట్టినంతసేపూ వీధి తిన్నెమీద కూర్చుంటా. కత్తిపీట పెట్టుకుని వంకాయలు తరుగుతా. వేలికి ఎర్రరంగు పూసుకుని నా ఎడమ ముంజేతిమీద ముద్ర వేసుకుంటా. మీ మాట నిజమైతే పుట్టే బిడ్డకు ఆడనే మచ్చ రావాల, పెదవీ చీలాల. అప్పుడు పెరుమాళ్‌ను పిలవండి. ఆండాళును నేనే పట్టుకుంటా. లేకపోతే ఈ చెంప జోలికి ఎవరూ రాకూడదు. కాన్పయ్యేదాకా కూడా రాకూడదు.”

గోవిందమ్మకు నటన చేతకాదు, నిజంగానే భయపడింది.

“కడుపులో బిడ్డను పందెం పెడతావా?”

“బయట ఉండే బిడ్డను మీరు పెడతా ఉండారు గదా.”

భక్తవత్సలం చెయ్యి కడుక్కుని, పందెం న్యాయంగానే ఉందన్నాడు. అతను తన జీవితంలో అంత తొందరగా ఒక నిర్ణయానికి రావడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. గోవిందమ్మ పెరుమాళ్‌కు రావద్దని కబురు పంపింది. కాదంటే తన నమ్మకాన్ని తానే అనుమానించినట్టవుతుందని ఆవిడకు తెలుసు.

కామేశం ఈ సంగతి విని సంతోషించలేదు. వందమంది బిడ్డల్లో నలుగురైదుగురికి ఏ గ్రహణం లేకుండానే ఇలాంటి మచ్చ వస్తుందని, వీళ్ళ బిడ్డకూ వస్తే ఏం చేస్తుందని అడిగాడు.

“ఎడమ ముంజేతిమీదే రావాలి గదా సార్.”

“వీపుమీద వచ్చినా మీ వీధి ఒప్పుకోదు.”

అది ఆమెకూ తెలుసు. అయినా పందెం వల్ల అయిదు నెలలు దొరికాయి. అప్పటికి ఆండాళుకు ఏడాది దాటుతుంది. లెక్క ప్రకారం ఆ కణాలు ఆగవలసిన సమయం అదే. కామేశం ఇక వాదించకుండా, ఎర్రరంగు ఉన్న చిన్న సీసా అలమారలోంచి తీసి ఇచ్చాడు.

సోమవారం పొద్దున్నే వీధి తలుపులన్నీ మూతపడ్డాయి. గోవిందమ్మ ఊరగాయ జాడీలమీద, నీళ్ళ బిందెలమీద దర్భలు వేసి, ఆండాళును ఒళ్ళో పెట్టుకుని లోపలి గదిలో కూర్చుంది. కనకవల్లి తిన్నెమీద కత్తిపీట వేసుకుంది. పక్కన అరవీశె వంకాయలు, నీళ్ళ గిన్నె, జల్లెడ. గ్రహణం పట్టాక ఎండ రంగు మారి, పాత ఇత్తడి చెంబులా అయింది. కాకులు ఎటు పోవాలో తెలియక అరిచాయి. ఆమె సూర్యుణ్ణి చూడలేదు. జల్లెడ ఎత్తి పట్టుకుంది. ప్రతి రంధ్రంనుంచీ, తరిగిన సూర్యుడి ఆకారంలోనే, ఒక చిన్న వెలుగు నెలవంక జారి, ఆమె ఒడినిండా, వంకాయ ముక్కలనిండా పరుచుకుంది.

కిటికీ సందుల్లో కళ్ళు కనిపిస్తున్నాయి. ఎవరో ముసలావిడ అరవంలో శాపనార్థం మొదలుపెట్టి, కడుపుతో ఉన్నదాన్ని తిట్టకూడదని గుర్తొచ్చి మధ్యలో ఆపేసింది. మునెమ్మ మాత్రం ఉండబట్టలేక తలుపు వారగా తెరిచింది.

“వద్దు కనకా, లోపలికి పో. ఊరికే సుమ్మా ఎందుకీ పంతం?”

“సుమ్మా కాదు అక్కా. నువ్వు సాక్షివి. చూడు.”

ఎనిమిది దాటాక, సూర్యుడు ఎంత సన్నబడాలో అంత సన్నబడ్డాక, కనకవల్లి కుడి బొటనవేలు సీసాలో ముంచి, ఎడమ ముంజేతి లోపలివైపు, మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన గట్టిగా అదిమింది. వేలి గీతలతో సహా ఎర్రగా ముద్ర పడింది. వీధి రెండువైపులా ఉన్న కిటికీలకు కనిపించేట్టు చెయ్యి ఎత్తి చూపించింది. తర్వాత మిగిలిన వంకాయలు తరిగింది. వేలు తెగలేదు. విడుపుస్నానం అయ్యాక ఆ వంకాయలే కూర చేసింది. గోవిందమ్మ ముట్టలేదు, భక్తవత్సలం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

అక్కణ్ణుంచి ఇంట్లో రెండు లెక్కలు నడిచాయి. గోవిందమ్మ ప్రతి శనివారం పెరుమాళ్ళకు ఒక కొబ్బరికాయ మొక్కుకుంది. ఈ పెరుమాళ్ గుళ్ళో ఉన్నాయన, రాయపురంలో ఉన్నాయన కాదు. కనకవల్లి అమావాస్య కొలతలు తీసింది. జులైలో నలభైమూడు గళ్ళు, ఆగస్టులో నలభైమూడు. అక్టోబరులో అంచు మారలేదు గాని, మచ్చ నడుమ బియ్యపుగింజంత బూడిదరంగు కనిపించింది. గోవిందమ్మ పిండి అంటుకుందేమోనని కొంగుతో తుడిచి చూసింది. పోలేదు.

భక్తవత్సలం విషయంలో ఇంకో నియమం నడిచింది. భార్య కడుపుతో ఉండగా భర్త క్షౌరం చేయించుకోకూడదు. అయిదో నెలనుంచి అతని తలమీద కత్తెర పడలేదు. కండక్టరు టోపీ కిందనుంచి జుట్టు మెడమీదికి దిగింది. బస్సులో కుర్రవాళ్ళు పొడుగుజుట్టు సినిమా గాయకుడి పేరుతో “భాగవతార్” అని పిలిచి టిక్కెట్టు అడిగేవారు. ఈ నియమంతోనూ కనకవల్లి తగాదా పెట్టుకోలేదు.

నవంబరు పన్నెండున మగబిడ్డ పుట్టాడు. పెదవి చీలలేదు. ఎడమ ముంజేయి శుభ్రంగా ఉంది. కాని ఆండాళుకూ మూడోవారంలోనే వచ్చిందని గోవిందమ్మ జ్ఞాపకం చేసింది. ఆ మాట న్యాయమేనని కనకవల్లి ఒప్పుకుంది. మూడు నెలలు చూడాలన్నారు.

మూడు నెలలదాకా ఆగనక్కర్లేకపోయింది. పదకొండోరోజు పురుడు. మునెమ్మ బిడ్డను కాళ్ళమీద బోర్లా వేసుకుని నీళ్ళుపోస్తూ, మెడ వెనక, జుట్టు మొదలయ్యేచోట, అంతవరకూ వెంట్రుకలు కప్పిన ఎర్రటి చారిక చూసింది. నీళ్ళచెంబు కింద పెట్టి గోవిందమ్మను పిలిచింది. గోవిందమ్మ చూసింది, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది, పక్కింటివాళ్ళను రాయపురానికి పంపింది. మధ్యాహ్నానికి పెరుమాళ్ వచ్చాడు. పెరట్లో కుంపటి రాజింది. అయిదు నెలల కిందట తెప్పించిన బొగ్గులే అవి.

కనకవల్లి ఆండాళును చంకనెత్తుకుని వచ్చి పెరటి వాకిట్లో నిలబడింది. పదకొండురోజుల బాలింత, ద్వారబంధం పట్టుకుంటే గాని నిలబడలేకపోతోంది.

“నేను చెప్పింది ఎడమ ముంజెయ్యి.”

“గ్రహణానికి నువ్వు చెప్పేదేంది? అదే యాడ పెట్టాలో ఆడ పెట్టింది,” అంది గోవిందమ్మ.

“మెడ ముట్టుకున్నానని ఆ దినం చెప్పినారా? మునెమ్మక్క ఉండింది. అడగండి.”

మునెమ్మ, ఆ మాట నిజమేనని, కనకం మెడ ముట్టుకోగా తాను చూడలేదని ఒప్పుకుంది. గోవిందమ్మ వెనక్కి తగ్గలేదు. చూడనప్పుడు ముట్టుకుని ఉంటుందంది. మచ్చ వచ్చిందా లేదా, అదొక్కటే లెక్క అంది. పెరుమాళ్ పసుపుకొమ్మును పట్టకారుతో నిప్పుల్లో తిప్పుతూ, పెళ్ళికి వచ్చినవాడిలా ఓపిగ్గా కూర్చున్నాడు.

అప్పుడు వీధిలోంచి భక్తవత్సలం వచ్చాడు. పురుడు వెళ్ళింది గదా అని పొద్దున్నే మంగలి దగ్గరికి పోయాడు. నాలుగు నెలల అడవిని మంగలి మిషను పెట్టి నున్నగా దింపేశాడు. గొడవ ఏమిటో తెలియక, బిడ్డను చూద్దామని అతను మునెమ్మ ముందు వంగాడు.

మునెమ్మ చూపు బిడ్డ మెడమీదనుంచి తండ్రి మెడమీదికి పోయింది. మళ్ళీ బిడ్డ మెడమీదికి వచ్చింది.

“గోవిందమ్మక్కా,” అంది. “ఈడ చూడు.”

భక్తవత్సలం మెడ వెనక, జుట్టు ఎప్పుడూ కప్పి ఉంచే చోట, అదే ఎర్రటి చారిక. అదే వంపు, పరిమాణంలో మాత్రం పెద్దది. కనకవల్లి నెమ్మదిగా దగ్గరికి వచ్చి దానిమీద వేలితో నొక్కింది. ఎరుపు తెల్లబడి, వేలు తీయగానే తిరిగి వచ్చింది. బిడ్డ మెడమీద నొక్కింది. అక్కడా అంతే. అది ఉబ్బలేదు, పెరగలేదు, చెంపమీది మచ్చ జాతి కానే కాదు. సగంమంది బిడ్డలు దానితోనే పుడతారని విభాగంలో ఆమె వినే ఉంది. ఆ పాఠం ఆమె అప్పుడు చెప్పలేదు.

“ఈయన కడుపులో ఉన్నప్పుడు మీరు ఏ గ్రహణంలో మెడ పట్టుకున్నారు అత్తా?”

“నేను ఏ గ్రహణానికీ గడప దాటలేదు,” అంది గోవిందమ్మ. “చెయ్యి కదిలించలేదు. మా అత్త సాక్షి.”

భక్తవత్సలం మెడ తడుముకుంటూ, అక్కడ ఏముందో తనకు చెప్పమన్నాడు. గోవిందమ్మ కొడుకు మెడ చూసింది, మనవడి మెడ చూసింది, కోడలి చంకలో ఉన్న మనవరాలి చెంప చూసింది. ఆ చెంపమీది బూడిదరంగు ఇప్పుడు చింతగింజంత ఉంది.

ఆవిడ పెరట్లోకి నడిచి, పెరుమాళ్ చేతిలోంచి పట్టకారు తీసుకుని, పసుపుకొమ్మును నీళ్ళ తొట్టిలో పడేసింది. అది బుస్సుమంది. కుంపటిమీద పాలగిన్నె పెట్టింది.

“కాఫీ తాగి పో నాయనా,” అంది. “అంత దూరంనుంచి వచ్చినావు.”

పెరుమాళ్ కాఫీ తాగి, బస్సు దొరుకుతుందో లేదో అడిగి, వెళ్ళిపోయాడు.

కొలతలు ఆగలేదు. 1956 ఫిబ్రవరి అమావాస్యకు మగబిడ్డ సుందరానికి మూడు నెలలు. ఎడమ ముంజేతిమీద మచ్చ లేదు. ఆండాళు చెంపమీద మచ్చ ఆ ఏడు సెప్టెంబరులో ముప్పైనాలుగు గళ్ళు. 1957 సెప్టెంబరులో ఇరవైరెండు, ఎత్తు తగ్గింది. 1958 సెప్టెంబరులో తొమ్మిది. 1959 సెప్టెంబరు అమావాస్యనాడు గోవిందమ్మ దిష్టి తీశాక కనకవల్లి నూనెకాగితం పరిచింది. గీయడానికి అంచు దొరకలేదు. గళ్ళ కాగితంమీద తారీఖు వేసి ఇలా రాసింది: ఎరుపు లేదు. చర్మం పావలాబిళ్ళంత మేర కొంచెం వదులుగా, లేతగా ఉంది. వాత పెట్టలేదు.